అయ్యవారి జవాబులు: ఈసారి అన్నీ కుప్పం ఉత్తరాలే

పోయిన సంచికలో ఒకరు "సేఫ్ సీటు అంటే ఏంటి సార్?" అని అడిగితే, "ఓడిపోవాలన్నా కష్టపడాల్సిన సీటు, ఉదాహరణకి కుప్పం" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. తేనెతుట్టెను కదిలించినట్టయింది. ఇరవైకి పైగా ఉత్తరాలొచ్చాయి. మెచ్చుకున్నవాళ్లు ఇద్దరు, తిట్టినవాళ్లు ఐదుగురు, మిగతావాళ్లు నిజంగానే ప్రశ్నలు అడిగారు. నేను కుప్పం ప్రాంతంలో పందొమ్మిదేళ్లు సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి, ఎలక్షన్ డ్యూటీలు చేసి చేసి నడుం వంగినవాణ్ణి. అందుకని ఈ సంచిక పేజీలన్నీ కుప్పం నియోజకవర్గంలోని నాలుగు మండలాలకే. సినిమా ప్రశ్నలు పంపినవాళ్లు ఈ ఒక్కసారికి ఓర్చుకోండి.

ప్రశ్న: నేను పుట్టేనాటికే మా ఎమ్మెల్యే చంద్రబాబు. నా పెళ్లయింది, నా కొడుకు బడికి పోతున్నాడు, ఇప్పటికీ ఆయనే. మా నాయనని అడిగితే "ముందు నుంచీ అంతే" అంటాడు. నిజంగా ముందు నుంచీ అంతేనా సార్?
– రామకుప్పం మండలం పాఠకుడు, ప్రస్తుతం బెంగళూరు

జవాబు: మీ నాయన చెప్పింది సగం నిజం. పార్టీ మాటకొస్తే 1983 నుంచీ అంతే. ఎన్టీఆర్ పార్టీ పెట్టాక వచ్చిన మొదటి ఎన్నికలో, మళ్లీ 1985లో, కుప్పంలో గెలిచింది టీడీపీ తరఫున రంగస్వామి నాయుడు. చంద్రబాబు వచ్చింది 1989లో. అప్పటి నుంచి 2024 దాకా వరుసగా ఎనిమిదిసార్లు.

అయితే ఆయన కుప్పానికి ఎందుకొచ్చాడో మీ తరానికి ఎవరూ చెప్పినట్టు లేరు. సొంతూరు నారావారిపల్లె, చంద్రగిరి నియోజకవర్గం. 1978లో అక్కడే కాంగ్రెస్ తరఫున గెలిచి మంత్రి కూడా అయ్యాడు. 1983లో అదే చంద్రగిరిలో, మామగారు పెట్టిన పార్టీ అభ్యర్థి చేతిలో ఓడిపోయాడు. తర్వాత ఆ పార్టీలోకే వచ్చాడు. 1985లో పోటీ చెయ్యలేదు. 1989లో జిల్లా ఒక కొస నుంచి ఇంకో కొసకి వచ్చి కుప్పంలో నామినేషన్ వేశాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, ఈయన ఇంట ఓడాక ఇంకో ఇల్లు వెతుక్కున్నాడు.

1989లో నేను పోలింగ్ ఆఫీసర్‌ని. పోలింగ్ ముందురోజు రాత్రి ఒక బడి వరండాలో బ్యాలెట్ పెట్టెలు తలకింద పెట్టుకున్నంత పని చేసి పడుకున్నాం. ఆ ఊరి పెద్దాయన ఒకరు మాకు రాగిసంకటి, ఊరిబిండి తెచ్చిపెట్టి, "ఈ నాయుడు మన పక్కోడు కాదంటనే అయ్యవారూ?" అని అడిగాడు. డ్యూటీలో ఉన్నవాణ్ణి, ఏం చెప్తాను? సంకటి బాగుందని చెప్పాను. ఆ ఎన్నికలో చంద్రబాబు మెజారిటీ 6,918. అదే ఎన్నికలో సాక్షాత్తూ ఎన్టీఆర్ కల్వకుర్తిలో ఓడిపోయాడు, పార్టీకి అధికారం పోయింది. అలాంటి ఏడాదిలో ఊరుగాని ఊరొచ్చి ఏడు వేలతో గట్టెక్కడం చిన్న విషయం కాదు. కానీ దాన్ని కోట అని ఎవరూ అనలేదు. ఆ రోజు అది అద్దె ఇల్లే.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని ఈ మెజారిటీలు వరసగా రాసుకోండి. 1989లో 6,918. 1994లో 56,588. 1999లో 65,687. 2004లో 59,558. 2009లో 46,066. 2014లో 47,121. 2019లో 30,722. 2024లో 48,006. గెలుపు ఎనిమిదిసార్లూ ఒకటే, మెజారిటీ మాత్రం ఏ రెండుసార్లూ ఒకటి కాదు. సేఫ్ సీటులో ఓటరు ఎమ్మెల్యేతో మాట్లాడేది ఆ అంకెల్లోనే. గెలుపోటములు మాత్రమే చూసేవాళ్లకి ఆ మాటలు వినపడవు.

ప్రశ్న: 2004లోనూ టీడీపీ ఓడింది, 2019లోనూ ఓడింది. ఒకసారి కుప్పంలో దాదాపు 60 వేలు, ఇంకోసారి 30 వేలు. గాలి రెండుసార్లూ ఎదురుగాలే కదా, ఈ తేడా ఎందుకొచ్చింది?
– చిత్తూరు పాఠకుడు, లాయరు గుమస్తా

జవాబు: మంచి ప్రశ్న. గుమస్తాలు కాగితాలు సరిగ్గా చదువుతారని నాకు ముందునుంచీ గౌరవం.

2004లో టీడీపీకి 294లో 47 సీట్లే వచ్చాయి. అయినా కుప్పంలో మెజారిటీ పెద్దగా తగ్గలేదు. ముఖ్యమంత్రి అయిన మనిషిని వదులుకోవాలని అక్కడ ఎవరికీ అనిపించలేదు. పైగా 2003 అక్టోబరులో అలిపిరి దగ్గర మందుపాతర పేలి ఆయన ప్రాణాలతో బయటపడిన సంగతి జనం మనసులో పచ్చిగానే ఉంది.

2019 వేరు. దాన్ని అర్థం చేసుకోవాలంటే మెజారిటీ కూడా చాలదు, ఓడినవాళ్ల ఓట్లు చూడాలి. ఓడినవాళ్ల ఓట్లు మన పేపర్లలో చిన్న అక్షరాల్లో వేస్తారు కాబట్టి ఎవరూ చదవరు. 2009లో రెండో స్థానంలో ఉన్న కాంగ్రెస్ అభ్యర్థికి 43,886. 2014లో వైసీపీ తరఫున చంద్రమౌళికి 55,831. 2019లో మళ్లీ ఆయనకే 69,424. 2024లో ఆయన కొడుకు భరత్‌కి 73,923. చూశారా? రాష్ట్రమంతా వైసీపీ 11 సీట్లకి పడిపోయిన 2024లో కూడా కుప్పంలో ఆ పార్టీ ఓట్లు తగ్గలేదు, నాలుగున్నర వేలు పెరిగాయి. చంద్రబాబు మెజారిటీ పెరిగింది ఎదుటివాళ్లు తగ్గినందుకు కాదు. తనకి 2019లో వచ్చిన 1,00,146 ఓట్లు 1,21,929 అయినందుకు.

ఇందులో చంద్రమౌళి పాత్రని తక్కువ చెయ్యకూడదు. రిటైరైన ఐఏఎస్ అధికారి. ఆ ప్రాంతంలో జనం ఎక్కువగా ఉన్న వన్నెకుల క్షత్రియ కులంవాడు. 2019లో ఆరోగ్యం బాగాలేక తిరగలేకపోతే కొడుకు తిరిగాడు. అయినా ముందటికన్నా 13,593 ఓట్లు ఎక్కువ తెచ్చుకున్నాడు. 2020లో ఆయన పోయాడు. ఓడి కూడా ఒక నియోజకవర్గం లెక్కని మార్చిన మనిషి. గెలిచినవాళ్ల గురించే పేజీలు నింపే మాలాంటివాళ్లం ఆయన గురించి రెండు వాక్యాలతో సరిపెట్టాం.

ప్రశ్న: 2021లో పంచాయతీలు పోయాయి, మున్సిపాలిటీ పోయింది. టీడీపీ పని అయిపోయిందని మా కాలేజీలో పందాలు కాశారు. 2024లో మళ్లీ 48 వేలు. కుప్పం జనం రెండు నాలుకల వాళ్లా?
– కుప్పం పాఠకుడు, డిగ్రీ రెండో ఏడాది

జవాబు: నాయనా, వాళ్లకి నాలుకలు మూడు. తెలుగు, తమిళం, కన్నడం. కుప్పం సంతలో నిలబడితే ఒకే బేరంలో మూడూ వినొచ్చు. కానీ నువ్వనే అర్థంలో కాదు.

ముందు జరిగింది చెప్పుకుందాం. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో నియోజకవర్గంలోని 89 పంచాయతీల్లో 74 వైసీపీ మద్దతుదారులవని లెక్క తేలింది. పార్టీ గుర్తులు లేని ఎన్నికలు కాబట్టి అలాంటి లెక్కల్లో కొంచెం అటూఇటూ ఉంటుంది, అది పక్కన పెడదాం. పరిషత్ ఎన్నికల్ని టీడీపీ బహిష్కరించింది. ఆ ఏడాది నవంబరులో కుప్పం మున్సిపాలిటీకి మొట్టమొదటి ఎన్నిక జరిగితే 25 వార్డుల్లో 19 వైసీపీకి, 6 టీడీపీకి. "వై నాట్ 175" అన్న వైసీపీ నినాదం ఆ తర్వాత పుట్టిందే. రాష్ట్రంలోని 175 సీట్లూ అంటే కుప్పం కూడా అన్నమాట. పైగా మన రాష్ట్రం అసెంబ్లీ నియోజకవర్గాల వరసలో కుప్పం నంబరు కూడా 175. నినాదం రాసినవాళ్లకి ఇది తట్టిందో లేదోగానీ నాకు మాత్రం నవ్వొచ్చింది.

ఊళ్లో సర్పంచి ఎన్నిక అంటే ఏంటో నీకు తెలుసు. పింఛను ఎవరి చేతిమీదుగా వస్తుంది, వీధిలైటు ఎవరు వేయిస్తారు, పోలీస్ స్టేషన్‌లో ఎవరి మాట చెల్లుతుంది, ఇవే లెక్కలు. అధికారంలో ఎవరుంటే వాళ్ల వైపు ఊరు ఒరుగుతుంది. అది భయమూ కావచ్చు, బతకనేర్పూ కావచ్చు. అసెంబ్లీ ఎన్నికలో కుప్పం ఓటరు చూసేది వేరు. ఎమ్మెల్యేకి వేస్తున్నాననుకోడు, ముఖ్యమంత్రికి వేస్తున్నాననుకుంటాడు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడైతే కాబోయే ముఖ్యమంత్రికి. ఈ సౌకర్యం మిగతా నియోజకవర్గాల వాళ్లకి లేదు.

ఇంకో ముచ్చట. 2025 ఏప్రిల్‌లో ఆ మున్సిపల్ చైర్మన్ కుర్చీ టీడీపీకి వచ్చింది. మధ్యలో జనం మళ్లీ ఓటేసింది లేదు, కౌన్సిలర్లే అటు నుంచి ఇటు నడిచారు. రెండు నాలుకల మాట ఎవరిని అడగాలో ఇప్పుడు నువ్వే చెప్పు.

పందెం డబ్బులు పోగొట్టుకున్నది నువ్వయితే, మీ అమ్మకి చెప్పకు.

ప్రశ్న: ముఖ్యమంత్రి నియోజకవర్గం అని పేరేగానీ మా ఊళ్లో బోరు వెయ్యి అడుగులు దింపినా దుమ్మే వచ్చింది. ఇన్నేళ్లు గెలిపించి మాకేం ఒరిగింది సార్? ఇది కోపంతో రాస్తున్నాను, వేస్తే వెయ్యండి లేకపోతే లేదు.
– శాంతిపురం మండలం పాఠకురాలు

జవాబు: వేస్తున్నాను తల్లీ. ఈ పేజీకి వచ్చిన ఉత్తరాలన్నిట్లోకీ ఇదే అసలైన ప్రశ్న.

ఒరిగినవి ముందు చెప్తాను. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. మెడికల్ కాలేజీ, ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. నేను చేరిన కొత్తలో పదో తరగతి పాసైన ఆడపిల్లని పై చదువుకి పంపించమని అడిగితే తండ్రులు "యాడికి పంపేది?" అనేవాళ్లు. ఆ ప్రశ్నకి జవాబు ఊరి పక్కకే వచ్చింది. తొంభైల చివర్లో ఇజ్రాయెల్ సేద్యం అంటూ డ్రిప్ పైపులు వేశారు. బస్సుల్లో జనాన్ని తెచ్చి చూపించేవాళ్లు. దాని మీద జరిగినంత పొగడ్తా, జరిగినంత వెక్కిరింతా ఇంకే పథకం మీదా జరగలేదు. కానీ ఈరోజు మీ మండలంలో టమోటా, పూలు పండించేవాళ్ల పొలాల్లో డ్రిప్ పైపు లేని పొలం వెతకాలి.

ఒరగనివి ఇంకా పొడుగు. పద్నాలుగేళ్లు ముఖ్యమంత్రిగా చేసిన మనిషి నియోజకవర్గ కేంద్రం అన్నాళ్లూ పంచాయతీగానే ఉంది. మున్సిపాలిటీ అయింది, 2022లో రెవెన్యూ డివిజన్ అయింది జగన్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. తెల్లారకముందే బెంగళూరు రైలుకి పరిగెత్తే కూలీలని నేను చూస్తూనే రిటైరయ్యాను. సాయంత్రం అదే రైలుకి తిరిగొస్తారు. నా దగ్గర చదివిన పిల్లల్లో సగంమంది తండ్రులని నేను ఆదివారం తప్ప చూడలేదు. ఇక అడవి పక్క ఊళ్లలో కౌండిన్య అభయారణ్యం ఏనుగులు ఒక్క రాత్రిలో పంట ఊడ్చేసి పోతే, పొద్దున ఆ రైతు ఎవరికి మొర పెట్టుకోవాలి?

నీళ్ల సంగతి. పాలారు మన రాష్ట్రంలో పారేది 33 కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలో చెక్‌డ్యాం ఎత్తు పెంచినా దిగువన ఉన్న తమిళనాడు వాళ్లు ఊరుకోరు. కాబట్టి ఆశంతా శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు తెచ్చే హంద్రీనీవా కాలువ మీదే. ఎక్కడి శ్రీశైలం, ఎక్కడి కుప్పం! అంత దూరం ఎత్తిపోసుకుంటూ తేవాలి. 2024 ఫిబ్రవరిలో జగన్ రామకుప్పం మండలంలో గేటెత్తి నీళ్లు వదిలారు. ఎన్నికలకి రెండున్నర నెలల ముందు. ఆ నీళ్లు నిలవలేదు. 2025 ఆగస్టు 30న చంద్రబాబు పరమసముద్రం దగ్గర జలహారతి ఇచ్చారు. హారతి ఎవరిచ్చారన్నది నాకు ముఖ్యం కాదు. మీ చెరువు రెండో వేసవికి కూడా నిండి ఉంటే, మీ పక్కింటి బోరులో నీళ్లు పైకొస్తే, అప్పుడు ఇంకో ఉత్తరం రాయండి. రాకపోయినా రాయండి. అదీ వేస్తాను.

మీ కోపం వృథా పోలేదని ఒక్కటి చెప్పగలను. 2019లో మెజారిటీ 30 వేలకి పడ్డాక, 2021లో మున్సిపాలిటీ పోయాక, కుప్పానికి రాకపోకలు పెరిగాయి. మీ మండలంలోనే కడపల్లె దగ్గర ఇల్లు కట్టుకుని 2025 మే 25న గృహప్రవేశం చేశారు. 1989లో వచ్చిన మనిషి 2025లో సొంతింట్లో పాలు పొంగించాడు. ముప్ఫైఆరేళ్లు పట్టింది. మెజారిటీ అరవై వేలలోనే ఉండుంటే ఆ ఇల్లు లేచేదా అని నా అనుమానం.

ప్రశ్న: మాది వేరే పార్టీ ఇల్లు. మూడు తరాలుగా ఓడేవాళ్లకే వేస్తున్నాం. మా ఓట్లు వృథానేనా?
– గుడుపల్లె మండలం పాఠకుడు

జవాబు: కాదు. ఎంపీ లెక్క చూడండి. 2009లో చిత్తూరు లోక్‌సభ సీటు టీడీపీ తరఫున శివప్రసాద్ గెలిచింది పది వేల పైచిలుకు ఓట్లతో. 2014లో 44 వేల పైచిలుకు. ఆ రెండుసార్లూ ఒక్క కుప్పం అసెంబ్లీలో టీడీపీ మెజారిటీయే అంతకన్నా ఎక్కువ. మిగతా ఆరు అసెంబ్లీలు ఎటు లాగినా కుప్పం ఓటే ఎంపీని ఒడ్డుకి చేర్చేది. 2019లో కుప్పం బలం తగ్గింది, ఎంపీ సీటు లక్షకు పైగా తేడాతో పోయింది. మొత్తం మీ ఇంటి ఓట్ల వల్లే కాదనుకోండి. కానీ వాటికీ అందులో వాటా ఉంది.

ప్రశ్న: 2024లో "లక్ష మెజారిటీ" అన్నారు కదా సార్, అందులో సగం కూడా రాలేదేం?
– పలమనేరు పాఠకుడు

జవాబు: లక్ష అన్నది కార్యకర్తలని పరుగెత్తించడానికి. అదే ఎన్నికలో మంగళగిరిలో చంద్రబాబు కొడుకు లోకేశ్ మెజారిటీ 91,413. అంతకుముందు 2019లో అక్కడే ఓడిపోయిన మనిషి! ఓడినచోట కసిగా పనిచేస్తారు, గెలిచేచోట కునుకు తీస్తారు. ఇంతకంటే నా దగ్గర వివరణ లేదు.

ప్రశ్న: చంద్రబాబు తర్వాత కుప్పం ఎవరిది? సీట్లు పెరుగుతాయంటున్నారు, మహిళలకి రిజర్వేషన్ అంటున్నారు. కోట నిలుస్తుందా?
– తిరుపతి పాఠకురాలు, బ్యాంకు ఉద్యోగి

జవాబు: ఆయన పుట్టింది 1950 ఏప్రిల్‌లో. 2029 ఎన్నికలకి 79 నిండుతాయి. ఆయన నిలబడితే గెలుస్తాడు, ఆ విషయంలో నాకు సందేహం లేదు. నిలబడనప్పుడేమిటన్నదే కథ.

దీనికి మన రాయలసీమలోనే రెండు దారులున్నాయి. పులివెందుల 1978 నుంచి ఒకే కుటుంబంలో ఉంది. రాజశేఖరరెడ్డి, ఆయన తమ్ముడు వివేకానందరెడ్డి, భార్య విజయమ్మ, కొడుకు జగన్. మనిషి మారినా ఇంటిపేరు మారలేదు. అక్కడా అంకెలు మాట్లాడతాయి, జగన్ మెజారిటీ 2019లో 90,110 ఉన్నది 2024లో 61,687కి వచ్చింది. రెండోది హిందూపురం. ఎన్టీఆర్, తర్వాత హరికృష్ణ, ఇప్పుడు బాలకృష్ణ. కానీ మధ్యలో 1999, 2004, 2009 ఎన్నికల్లో గెలిచింది ఆ కుటుంబం వాళ్లు కాదు, అయినా టీడీపీ వాళ్లే. అంటే అక్కడ కోట పార్టీది.

కుప్పం ఎవరిదో ఇంకా పరీక్ష జరగలేదు. లోకేశ్ 2023 జనవరి 27న పాదయాత్ర కుప్పం నుంచే మొదలుపెట్టాడుగానీ పోటీ మాత్రం మంగళగిరిలోనే. 2024లో కుప్పంలో చంద్రబాబు తరఫున నామినేషన్ పత్రాలు దాఖలు చేసింది ఆయన భార్య భువనేశ్వరి. దానికి ముందు ఒక సభలో, ఈసారి నేను నిలబడితే ఎలా ఉంటుందని సరదాగా అడిగారు కూడా. సరదాగా అడిగిన ప్రశ్నలని రాజకీయాల్లో నేను సీరియస్‌గానే రాసుకుంటాను.

మీరడిగిన రెండో సంగతి. విభజన చట్టంలో మన అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225 చెయ్యాలని రాసుంది. జనగణన అయి, నియోజకవర్గాల పునర్విభజన జరిగితే కుప్పం, గుడుపల్లె, శాంతిపురం, రామకుప్పం మండలాలు ఈ రూపంలోనే ఉంటాయన్న గ్యారంటీ లేదు. 2023లో చేసిన రాజ్యాంగ సవరణతో మహిళలకి మూడోవంతు సీట్లు కూడా ఆ పునర్విభజనకే ముడిపడి ఉన్నాయి. గీత ఎక్కడ గీస్తారో, ఏ సీటు మహిళలకి వస్తుందో తెలియకుండా కోట గురించి జోస్యం చెప్పడం నా వల్ల కాదు.

అయినా అడిగారు కాబట్టి నా అంచనా చెప్తాను, పందెం మాత్రం కాయకండి. చంద్రబాబు కాకుండా ఇంకొకరు టీడీపీ తరఫున నిలబడిన మొదటి ఎన్నికలో కుప్పంలో టీడీపీయే గెలుస్తుంది. మెజారిటీ మాత్రం 2024 అంకె దగ్గర కాదు, 1989 అంకె దగ్గర ఉంటుంది. ఎందుకంటే అవతలి ఓట్లు మూడు ఎన్నికలుగా తగ్గకుండా పెరుగుతూ 73,923 దాకా వచ్చాయి. ఇవతల ఉన్న 1,21,929లో ముఖ్యమంత్రికి పడినవి ఎన్ని, పార్టీకి పడినవి ఎన్ని అన్నది ఇంతవరకూ ఎవరూ విడదీసి చూడలేదు.

ప్రశ్న: ఇన్ని చెప్పారు, ఇంతకీ మీరు ఎవరికి ఓటేసేవాళ్లు సార్?
– మీ పాత స్టూడెంట్, పేరు చెప్తే గుర్తుపట్టి తిడతారు

జవాబు: గుర్తుపట్టాను, చేతిరాత ఇంకా అంతే ఉంది. ప్రతి ఎలక్షన్‌కీ డ్యూటీలోనే ఉండేవాణ్ణి కదరా, నాది పోస్టల్ బ్యాలెట్. రెండుసార్లు ఆ కవరు నా చేతికి వచ్చేసరికి లెక్కింపు అయిపోయి, ఊళ్లో టపాకాయలు కాలుస్తున్నారు.